మల్బరీ సందులో జీపీఎస్ ట్రాక్టర్ తోలొచ్చా?



స్టీరింగు తనంతట తానే తిప్పుకొనే ట్రాక్టర్ల వీడియోలు మన గ్రూపులో తిరుగుతా ఉన్నాయి. పావగడ తాలూకాలో మన తోటలకు అది పనికొస్తుందా అని కొందరు అడిగినారు. మేము తెలుసుకున్నది రాస్తున్నాం.

ముందు మన కొలత చూడండి. జోడు సాళ్ళ పద్ధతిలో సాలుకూ సాలుకూ 3 అడుగులు, జోడుకూ జోడుకూ 5 అడుగులు. ఆ 5 అడుగుల సందులో మూడున్నర అడుగుల మినీ ట్రాక్టర్ పోతే ఒక్కో పక్క మిగిలేది 9 అంగుళాలు. అది దాటితే కొమ్మైనా విరుగుతుంది, డ్రిప్ పైపైనా తెగుతుంది.

ఫోన్ జీపీఎస్ ఆకాశం తెరిపిగా ఉన్నా 15 అడుగుల దాకా తప్పుతుంది. మన గట్టు మీద నిలబడితే పక్కోళ్ళ చేనులో చుక్క పడేది చూసే ఉంటారు. ఆ తప్పును దిద్దే సిగ్నల్ వేరే ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టిన 'గగన్' ఉచితం. దాంతో తేడా 3 నుంచి 10 అడుగులకు వస్తుంది. బయలు చేనులో దుక్కికి సరే. ఒకే పూట తోలితే గీతలు సమంగానే కనిపిస్తాయి, నెల తర్వాత వస్తే అదే గీత పక్కకు జరిగి ఉంటుంది. మన సందుకు పనికిరాదు.

అంగుళం దాకా పట్టేది ఆర్‌టీకే. కదలని చోట ఒక బేస్ రిసీవర్ పెడతారు. తన చోటు దానికి ముందే తెలుసు కాబట్టి ఉపగ్రహం లెక్క ఎంత తప్పుతోందో చూసి ట్రాక్టరుకు రేడియోలోనో, సిమ్ నెట్‌లోనో పంపుతుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ కోర్స్ స్టేషన్లు కర్ణాటకలో ఉన్నాయి, భూమి సర్వేలకు వాడతారు. చిక్కేమంటే నెట్ తెగితే కాసేపటికే అంగుళం లెక్క పోతుంది. కొండ మరుగు ఊర్లవాళ్ళకు వేరే చెప్పాలా!

అమ్మేవాళ్ళు చెప్పని సంగతి ఇంకోటి. పాత తోటల్లో సాళ్ళు తాడు పట్టి వేసినవి. సాలు వంకరగా ఉంటే, నిటారు గీత మీద పోయే ట్రాక్టర్ నేరుగా మొక్క మీదికే పోతుంది. కాబట్టి పాత తోటకు కిట్టు కొనడం దండగ అని మా అభిప్రాయం.

కొత్తగా నాటేవాళ్ళకు మాత్రం లాభముంది. నాలుగు పక్కలా 209 అడుగులుండే ఎకరాలో 26 జోళ్ళు పడతాయి. ఆ గీతలు ఒక్క రోజు పని, తోట ఉండేది పదిహేనేళ్ళు. దానికి బాడుగ చాలు. బాడుగకిచ్చేవాణ్ణి ఇవి అడగండి: దిద్దే సిగ్నల్ ఏది, బేస్ ఎంత దూరం, నెట్ లేకపోతే రేడియో ఉందా?

ఈసారి నాటేవాళ్ళు ఊరిపేరు, ఎన్ని ఎకరాలో గ్రూపులో పెట్టండి. పక్కపక్క ఊర్లవాళ్ళు నలుగురు కలిస్తే ఒకే బేస్ సరిపోతుంది.