మలయ్ ప్రజలు: మలేషియాలో, సింగపూర్‌లో

మలయ్ ప్రజల పేరు చెప్పగానే మా తరగతిలో పిల్లలు మలయాళీలనుకుంటారు. మలేషియాలో ఉన్నవారంతా మలయ్‌లేనని అనుకునే పెద్దలూ తక్కువేం కాదు. మలయ్ ద్వీపకల్పంలో, సుమత్రా, బోర్నియో తీరాల్లో, దక్షిణ థాయ్‌లాండ్‌లో, సింగపూర్‌లో తరతరాలుగా ఉంటూ మలయ్ భాష మాట్లాడే ప్రజలు వీరు. దాదాపు అందరూ ముస్లింలే.

మనకు వారితో పరిచయం పాతది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడల్లో అచే వంటి రేవులకు వెళ్లేవి. మలయ్‌లు భారతీయులను పిలిచిన ‘కెలింగ్’ అనే మాట మన కళింగ నుంచి పుట్టిందే. మలక్కాలో 1748 నాటి మసీదు పేరులో, పెనాంగ్‌లో 1801 నాటి మసీదు పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది. రెండూ భారతీయ ముస్లింలు కట్టుకున్నవే. (నేడు మాత్రం ఎవరినైనా అలా పిలిస్తే తిట్టుగానే తీసుకుంటారు.)

ఆంగ్లేయుల కాలంలో గనులకు చైనా నుంచి, రబ్బరు తోటలకు దక్షిణ భారతం నుంచి కూలీలు వచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. పట్టణాల్లో వ్యాపారం ఎక్కువగా చైనీయుల చేతికి పోయింది, మలయ్‌లు పల్లెల్లో వ్యవసాయం, చేపల వేటలో మిగిలారు. అందుకే 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాజ్యాంగం 153వ అధికరణం ఉద్యోగాల్లో, స్కాలర్‌షిప్పుల్లో వారికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. మలయ్ అంటే ఎవరో 160వ అధికరణం చెబుతుంది: ఇస్లాంను అనుసరించాలి, నిత్యం మలయ్ భాష మాట్లాడాలి, మలయ్ ఆచారం పాటించాలి. పుట్టుక, నివాసం షరతులు కూడా ఉన్నాయి. 2020 జనగణన ప్రకారం అక్కడి పౌరుల్లో మలయ్‌లు, ఇతర స్థానిక జాతులు కలిసి దాదాపు 70 శాతం.

హజ్ కోసం పొలమో పశువులో అమ్ముకుని, తిరిగొచ్చాక బీదరికంలో పడే మలయ్ రైతుల కోసం ఉంగ్కు అజీజ్ అనే ఆర్థికవేత్త 1959లో ఒక పొదుపు పథకం సూచించారు. 1963లో అది సంస్థగా మొదలైంది. తబుంగ్ హాజీ అంటే అదే. నాంపల్లి హజ్ హౌస్‌కు వచ్చిపోయే మనవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలని మా అభిప్రాయం.

సింగపూర్ కథ వేరు. 1965లో అది మలేషియా నుంచి విడిపోవడంతో అక్కడి మలయ్‌లు అల్పసంఖ్యాకులుగా మిగిలారు. 2020లో వారు జనాభాలో 13.5 శాతం. వారు ఆ నేల స్థానికులని రాజ్యాంగం 152వ అధికరణం ఒప్పుకుంది గానీ చదువులో వెనకబడ్డారు. 1980 జనగణనలో పట్టభద్రులు ఎంత తక్కువో బయటపడింది. అప్పుడే, 1982లో, ‘మెండాకీ’ అనే విద్యా సంస్థ పుట్టింది.

డబ్బు వచ్చిన దారి మనం గమనించదగ్గది. మసీదుల నిర్మాణానికి 1975 నుంచే ముస్లిం ఉద్యోగుల జీతంలో నెలకు 50 సెంట్లు పట్టుకునేవారు. 1984లో దానికే విద్యా చందా కలిపారు. జీతాన్ని బట్టి మొత్తం మారుతుంది, వద్దనుకున్నవారు తప్పుకోవచ్చు. నెలనెలా ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది కనుక ట్యూషన్ తరగతులు ఏడాది పొడవునా నడపగలిగారు. 1991లో అక్కడి భారతీయులూ ‘సిండా’ పేరుతో ఇదే పద్ధతి తెచ్చుకున్నారు.

దీనిపై విమర్శ ఉంది. ఏ జాతి పిల్లలను ఆ జాతే చూసుకోవాలంటే పేదరికం ఆ జాతి లోపంలా కనిపిస్తుందని కొందరంటారు. అది కొట్టివేయదగ్గ మాట కాదు. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వమే చేయాలి. కానీ పరీక్ష ఫీజు గడువు ఆ వాదన తేలేదాకా ఆగదు.

మన సంఘానికి విరాళాలు ఎక్కువగా రంజాన్‌లో జకాత్‌గా వస్తాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, బడి తెరిచే జూన్ జరగదు. మధ్య నెలల్లోనే పిల్లలు బడి మానేస్తున్నారు. అఫ్జల్‌గంజ్ హమాలీకి, గుమాస్తాకు జీతంలోంచి పట్టుకునే పద్ధతి కుదరదు. దుకాణాలకు మాత్రం కుదురుతుంది. ఒక దుకాణం ఇంత అని చెప్పి నెలనెలా ఇస్తే, ఎనిమిదో తరగతిలో ఉన్న అమ్మాయిని పదో తరగతి దాకా చదివిస్తామని ఆమె తల్లిదండ్రులకు ముందుగానే మాట ఇవ్వగలం.