బొగ్గు పొడి ఎరువు కాదు.. ఎరువుకు ఇల్లు

విశాఖలో నల్లపొడికి కరవు లేదు. పోర్టు వైపు ఇళ్లలో కిటికీ తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. అందుకే 'బయోచార్‌తో నేల బాగుపడుతుంది' అనగానే, 'ఆ బొగ్గు పొడేనా?' అని చాలామంది అడుగుతున్నారు. అది కానే కాదు. పోర్టులో దిగేది రాక్షసి బొగ్గు. అందులో గంధకం, భార లోహాలు ఉంటాయి. పొలంలో గానీ, కుండీల్లో గానీ వేయకూడదు. బయోచార్ అంటే కట్టె, కంప వంటి వ్యర్థాలను గాలి సరిగా ఆడకుండా కాల్చి తీసిన బొగ్గు.

ఏం చేస్తుంది?

మన ఎర్ర నేలలకు, భీమిలి తీరం ఇసుక నేలలకు ఒకటే జబ్బు. పట్టు ఉండదు. గట్టి వాన పడితే వేసిన యూరియా నీటితోపాటు కిందికి దిగిపోతుంది. నాలుగు రోజులు ఎండ కాస్తే మొక్క వాడిపోతుంది. బొగ్గు ముక్క నిండా కంటికి కనపడని సందులుంటాయి. వాటిలో నీరు, పోషకాలు నిలుస్తాయి. సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. గత్తం కొన్నాళ్లకు చివికిపోతుంది. బొగ్గు వందల ఏళ్లుంటుంది. అమెజాన్ అడవుల్లో పూర్వం ఆదివాసులు బొగ్గు, ఎముకలు, చెత్త కలిపిన నల్లనేలలు ఇప్పటికీ సారవంతంగానే ఉన్నాయి.

నేరుగా వేస్తే నష్టమే

ఈ విలేకరి కూడా మొదట పప్పులో కాలేశాడు. మేడమీద టమాటా కుండీల్లో కట్టెబొగ్గు నలిపి నేరుగా కలిపితే, నెల తిరక్కుండా ఆకులు పసుపు పచ్చగా మారాయి. కారణం ఒకటే. ఖాళీ బొగ్గు ముందు తన కడుపు నింపుకుంటుంది. నేలలోని నత్రజనిని పట్టేస్తుంది. మొక్క పస్తుంటుంది. పొలంలో ఇలా జరిగితే పోయేది ఒక పంట కాలం.

అందుకని బొగ్గును నలిపి, దానికి సమానంగా మాగిన గత్తం గానీ వర్మీకంపోస్టు గానీ కలపాలి. జీవామృతం లేదా నీళ్లు కలిపిన ఆవు మూత్రం చిలకరించి, నీడన కుప్ప వేసి గోనె సంచులు కప్పాలి. తడి ఆరకుండా రెండు, మూడు వారాలు ఉంచి అప్పుడు వాడుకోవాలి.

తయారీ ఇలా..

పైన 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు ఉండి అడుగున ఇరుకుగా ఉండేలా గొయ్యి తీయాలి. బాగా ఎండిన సరుగుడు కొమ్మలు, కందికంప, కొబ్బరి చిప్పలు పనికొస్తాయి. అడుగున కొంచెం వేసి పైనుంచి అంటించాలి. పైపొర మీద తెల్లటి బూడిద కనపడగానే ఇంకో పొర వేయాలి. గొయ్యి నిండాక నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. ఆలస్యం చేస్తే బూడిదే మిగులుతుంది. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) 200 లీటర్ల ఇనుప డ్రమ్ముతో బయోచార్ బట్టీని రూపొందించింది. పత్తి, కంది, ఆముదం కట్టెను అందులో కాల్చుకోవచ్చు.

ఎంత వేయాలి?

చాలా ప్రయోగాల్లో ఎకరాకు 2 నుంచి 4 టన్నులు వేశారు. కానీ పది కిలోల ఎండు కంపకు వచ్చే బొగ్గు రెండున్నర, మూడు కిలోలే. అంటే 2 టన్నులకు ఏడెనిమిది టన్నుల కంప కావాలి. సన్నకారు రైతుకు అది తలకు మించిన పని. అప్పు చేసి కొనొద్దు. కూరగాయ పాదుకు రెండు గుప్పెళ్ల చొప్పున, పశువుల గత్తంతో కలిపి ఏటా కొంచెం వేసుకుంటూ పోతే చాలు. కుండీల్లో పది తట్టల మట్టికి ఒక తట్టకు మించకూడదు.

జాగ్రత్తలు

* బయోచార్‌కు క్షార గుణం ఉంటుంది. చౌడు నేలల్లో వేయొద్దు. ముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి.
* రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కాల్చొద్దు.
* జీడిపిక్కల తొక్కలో ఘాటు నూనె ఉంటుంది. ఆ పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు చేటు. ఇంటి దగ్గర కాల్చొద్దు.
* పొడి నలిపేటప్పుడు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.
* పశువులు తినే గడ్డిని కాల్చొద్దు. పచ్చని చెట్టు నరకొద్దు.

ముందుగా ఐదు సెంట్లలో వేసి, పక్కనే ఐదు సెంట్లు వేయకుండా వదలండి. రెండు పంటలు చూశాక మీ నేలే జవాబు చెబుతుంది. అప్పుడు మిగతా పొలం సంగతి ఆలోచించవచ్చు.