మీకు తెలుసా? కోసినా చావని తిప్పతీగ సంగతులు

వేపచెట్టుకో, పొలం కంచెకో, పాడుబడ్డ గోడకో అల్లుకుని తమలపాకును తలపించే ఆకులతో కనిపించే తీగ తిప్పతీగ. నాటేవాళ్లుండరు, నీళ్లు పోసేవాళ్లుండరు. 2020 దాకా వైద్యం తెలిసిన నలుగురు తప్ప ఎవరూ దానివైపు చూసేవాళ్లు కాదు. కరోనా వచ్చిన ఏడాది మాత్రం అది ప్రతి వంటింట్లోకీ చేరింది. మా వీధి చివరి వేపచెట్టు మీది తీగంతా నెల తిరక్కుండా మాయమైంది. కోసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. కోసేముందు తెలిసి ఉండాల్సిన సంగతులు ఇవి.

● సంస్కృతంలో దీని పేర్లు చదివితే సగం మొక్క తెలిసిపోతుంది. గుడూచి, అమృత అందరూ విన్నవే. ఛిన్నరుహ అంటే కోసినా మొలిచేది. తీగను మొదట్లో నరికేసినా పైన మిగిలినది వెంటనే వాడిపోదు. దారాల్లాంటి సన్నని ఊడలను కిందికి వదులుతుంది. అవి నేలను అందుకుంటే తీగ మళ్లీ బతికినట్టే. చక్రలక్షణ అని ఇంకో పేరుంది. కాండాన్ని అడ్డంగా కోసి చూడండి, బండిచక్రం ఆకుల్లా నడిమధ్య నుంచి అంచుదాకా గీతలు కనిపిస్తాయి.

● రామరావణ యుద్ధం ముగిశాక ఇంద్రుడు అమృతం కురిపించి చనిపోయిన వానరులను బతికించాడట. వాళ్ల ఒంటి మీంచి జారి నేలపడ్డ చుక్కల్లోంచే ఈ తీగ పుట్టిందని భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం చెబుతుంది.

● ఇందులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఎర్రటి చిన్న పళ్లు కాసేది ఆడ తీగే.

● ఆయుర్వేదంలో మందుకు వాడేది ముఖ్యంగా కాండాన్ని. పైన కాగితంలా ఊడివచ్చే పలుచని పొర ఉంటుంది. దాన్ని గీకితే కింద ఆకుపచ్చగా, లోపల పసుపుఛాయతో ఉంటుంది. నాలుకకు తగిలితే చాలు, చేదు. మానుపసుపుకు రంగునిచ్చే బెర్బెరిన్ ఈ తీగలోనూ ఉంది.

● తిప్పతీగ పొడి, తిప్పసత్తు ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. పచ్చి కాండాన్ని దంచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బాగా పిసికి వడగడతారు. ఆ నీటిని కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగుకు చేరుతుంది. పైనీటిని వంపేసి, ఆ పిండిని ఎండబెడితే తిప్పసత్తు. అందులో ఎక్కువభాగం గంజిపదార్థమే. చేదు చాలావరకు పైనీటితోనే పోతుంది. కాబట్టి సత్తుకు చెప్పిన మోతాదు పొడికి వర్తించదు, పొడికి చెప్పింది సత్తుకు వర్తించదు.

● మోతాదంటే గుర్తొచ్చింది. మన ఆయుర్వేద ఫార్మకోపియా ఎండిన కాండం పొడికి 3 నుంచి 6 గ్రాములు, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాములు అని రాసిపెట్టింది. ‘గుప్పెడు’ అనే కొలత అందులో లేదు. ఎవరికి, ఏ జబ్బుకు, ఎన్నాళ్లు అన్నది వైద్యుడు మనిషిని చూసి చెప్పాల్సిన మాట. మా నాయనమ్మ జ్వరానికి దీని కషాయమే కాచేది. జ్వరం దిగిన రోజున గిన్నె కడిగి బోర్లించేసేది. నెలల తరబడి రోజూ పరగడుపున తాగడం ఆమె ఎరగదు.

● చరకసంహిత బుద్ధికి మేలుచేసే నాలుగు రసాయనాలను చెబుతూ గుడూచి రసాన్ని వాటిలో చేర్చింది. జ్వరాలకు, కీళ్లను పట్టి బాధించే వాతరక్తానికి దీన్ని వాడటం వైద్యంలో పాత సంప్రదాయం. ఆధునిక పరీక్షలూ లేకపోలేదు. ఎలర్జీతో తుమ్ములు, ముక్కు కారడం ఉన్న 75 మందిపై 8 వారాలు జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే తిప్పతీగ తీసుకున్నవాళ్లకు బాగా ఉపశమనం కలిగింది. చిన్న అధ్యయనమే అయినా పెద్దల మాటలో పస ఉందని చెప్పడానికి పనికొస్తుంది. నేను ఈ తీగను తీసిపారేసే పక్షం కాదు. ఒంటి మీద పనిచేస్తుంది కాబట్టే జాగ్రత్త అంటున్నాను.

● 2020 అక్టోబరులో కరోనాకు ఆయుష్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో గుడూచి ఘనవటి అనే తిప్పతీగ మాత్ర ఉంది. అయితే 2021లో ముంబయి వైద్యులు ఈ తీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి వైద్యపత్రికలో రాశారు. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. మొదలుపెట్టిన నాటి నుంచి లక్షణాలు కనిపించేసరికి అటూఇటుగా 46 రోజులు పట్టింది. అయిదుగురు చనిపోయారు. వాళ్లలో నలుగురికి అప్పటికే కాలేయ జబ్బుంది. రోగనిరోధక శక్తిని ఉసిగొల్పడం ఈ తీగ గుణమని అంటారు. ఆ శక్తి సొంత కాలేయం మీదికే తిరగబడినట్టు కొందరిలో ఆనవాళ్లు కనిపించాయి. లక్షలమంది వాడినదానిలో ఇవి కొన్ని కేసులే, నిజం. ఆ అయిదిళ్లలో మాత్రం అది చిన్న లెక్క కాదు.

● ఆయుష్ శాఖ దీనికి ఇచ్చిన జవాబులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తిప్పతీగకు దగ్గరి చుట్టం ఒకటుంది, శాస్త్రీయనామం టినోస్పోరా క్రిస్పా. మన తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా. క్రిస్పా కాండం నిండా బుడిపెలు బుడిపెలుగా ఉంటాయి. కోస్తే పాలలాంటి ద్రవం వస్తుంది. పువ్వుకు రేకులు మూడే, తిప్పతీగకు ఆరు. అసలు తిప్పతీగ సురక్షితమేననీ, జనం పొరపాటున క్రిస్పాను వాడి ఉండవచ్చనీ ఆ శాఖ వాదన. ఎవరి మాట నెగ్గినా కొనుక్కునేవాడికి చిక్కు చిక్కే. తీగగా ఉన్నప్పుడైతే బుడిపెలు చూసి పక్కన పెట్టవచ్చు. పొడిచేసి డబ్బాలో పోశాక ఏది ఏదో కంటికి తెలిసే దారి లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్లతో పాటు ఊరి పొడులు పొట్లాలు కట్టి పంపే అమ్మానాన్నలు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే బాగుండును.

● కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ వంటివి రోగనిరోధక శక్తి అదుపు తప్పినందువల్ల వచ్చే జబ్బులు. అలాంటివాళ్లు, అవయవమార్పిడి జరిగినవాళ్లు ఆ శక్తిని తగ్గించే మందులే వాడుతుంటారు. దాన్ని రేపే తీగను పైనుంచి తాగితే డాక్టరు ఒకవైపు, కషాయం ఒకవైపు లాగినట్టవుతుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోవచ్చు. కాలేయ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి సొంతంగా పోకూడదు. ఆపరేషనుకు వెళ్లేవాళ్లు తాగుతున్న సంగతి ముందే చెప్పాలి.

● అన్నిటికంటే నన్ను భయపెట్టిన సంగతి ఇది. పచ్చకామెర్లకు వాడే మందుల్లో తిప్పతీగ కూడా ఒకటి. అంటే దీనివల్లే కాలేయం చెడి కళ్లు పచ్చబడితే, కామెర్లు వచ్చాయనుకుని అదే కషాయాన్ని రెట్టింపు చేసే ప్రమాదం ఉంది. తాగుతున్న రోజుల్లో అన్నం సయించకపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఒళ్లు దురద పెట్టినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆ రోజే ఆపేయండి. ఆసుపత్రికి వెళ్లి కాలేయ పరీక్ష చేయించుకోండి. ఎన్నాళ్ల నుంచి, ఎంత తాగారో దాచకుండా చెప్పండి. మిగిలిన తీగముక్కనో, పొడి డబ్బానో పారేయకుండా వెంట తీసుకెళ్లండి.