కానరాని చేపల లెక్క

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున ప్రతి సంవత్సరము జనవరి నెలలో ప్రారంభమగు నుమాయిష్‌ను నగరవాసులెల్లరు నెరుగుదురు. 1938లో మొదలైన ఆ ప్రదర్శనకు ఒకనాడు ఎందరు వచ్చిరని అడిగినచో, ద్వారముకడ చెల్లిన టిక్కెట్లను లెక్కించి నిర్వాహకులు చెప్పగలరు. ఆ మైదానముననే జూన్ నెలలో, మృగశిర కార్తె ప్రవేశించునాడు, ఉబ్బసరోగులకు చేపప్రసాదము పంచెదరు. దాని వైద్యగుణము నేటి మన విషయము కాదు. చేపతో పుచ్చుకొనువారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క కొర్రమీను పిల్ల వంతున వలయును గనుక, ఎన్ని పిల్లలు చెల్లినవో ఆ లెక్కయు తేలికగనే తేలును. అయితే ఆ కొర్రమీనే చెరువులో నున్నప్పుడు దాని సంఖ్య యెంత? చెరువునకు ద్వారము లేదు, టిక్కెట్టు లేదు. నీటి అడుగున నున్నవి కానరావు, కనిపించినవి నిలువవు.

సంఖ్య తెలియకున్న వచ్చు నష్టమేమి యని కొందరడుగవచ్చును. చేపలవేటయే జీవనమైన జాలరులు పట్టిన సరకు అంగడికి చేరును, తూకము పడును. ఏదో యొక జాడ మిగులును. సెలవునాడు వినోదమునకై గాలము పట్టుకొని గట్టున కూర్చుండువారి సంగతి వేరు. వారికి దొరకిన రెండుమూడు చేపలు నేరుగ వంటయింటికి పోవును. ఒక్కొక్కరి పాలు స్వల్పమే. ఎందరో కలిసినపుడు అది స్వల్పమో అధికమో చెప్పుటకు ఆధారము లేదు. చెరువు ఎంత వేటకు తాళగలదో తెలియక పట్టుచు పోయినచో, ముందుగా కష్టపడువారు వినోదమునకు వచ్చినవారు కారు. ఆ నీటిపై బ్రతుకు కుటుంబములవారు.

ఇట్టి లెక్కకు శాస్త్రజ్ఞులనుసరించు పద్ధతి యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున చేపలకు గుర్తులు కట్టి విడిచిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ పేరు దానికి నిలిచినది. ఒక చెరువులో 200 చేపలను పట్టి, గుర్తుపెట్టి, మరల విడిచితిమనుకొందము. కొన్నాళ్లకు వల వేయగా 150 చేపలు పడినవి. వానిలో 10 గుర్తుగలవి. అనగా పదునైదింటికి ఒకటి. ఆ వంతే చెరువంతటికిని వర్తించినచో మొత్తము 3,000 చేపలుండవలెను. త్రైరాశికము నేర్చిన బాలుడును ఈ లెక్క కట్టగలడు.

కాని ఆ పది యను సంఖ్య కొంతవరకు అదృష్టముపై నాధారపడినది. అదే చెరువులో మరునాడు వల వేసినచో గుర్తుచేపలు ఆరే పడవచ్చును, పదునైదును పడవచ్చును. ఆరు పడిన మొత్తము 5,000 అని తేలును. పదునైదు పడిన 2,000 అని తేలును. చెరువు మారలేదు, చేపలు మారలేదు. కావున చెప్పదగిన సమాధానము మూడువేలని కాదు. రెండువేలకును అయిదువేలకును నడుమ అని.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు మరొకటి. గుర్తు ఊడిపోయినను, గుర్తుపెట్టిన చేప గాయముచే చచ్చినను, ఒకమారు చిక్కినది బెదరి వలకు దూరముగ నుండినను, రెండవమారు పడు గుర్తుచేపలు తగ్గును. అవి తగ్గినకొలది లెక్కలో చెరువు చేపలు పెరుగును. ఈ పొరపాట్లన్నియు ఒకే వైపునకు లాగి, లేని చేపలను ఉన్నట్లు చూపును.

గాలము వేయువారు నమ్ముకొను కొలత వేరు: గంటకు ఎన్ని పడినవి? పడినకొలది చెరువు నిండుగ నున్నదని తలంతురు. వేసవిలో మన చెరువులను చూడుడు. నీరు తగ్గి నడిమి గుంటకు చేరునప్పుడు మిగిలిన చేపలన్నియు అచ్చటనే గుమిగూడును. గాలము వేసినదే తడవుగ చిక్కును. గంట లెక్క పెరిగినది గాని చేపల సంఖ్య పెరుగలేదు. కెనడా తూర్పుతీరమున న్యూఫౌండ్లాండు వద్ద కాడ్ చేపల విషయమున ఇట్టి మోసమే పెద్దయెత్తున జరిగినది. తగ్గిపోవుచున్న చేపలు కొన్ని తావుల గుమిగూడగా ఓడలకు మంచివేట దొరకుచునే యుండెను; దానిని బట్టి కట్టిన లెక్కలు ఉన్నదానికన్న హెచ్చుగ తేలెను. 1992లో ప్రభుత్వము వేటను నిలిపివేయగా వేలకొలది జనులు పని కోల్పోయిరి.

ఇక మనుష్యులనే యడిగి తెలిసికొనుట యొక మార్గము. ఆదివారమునాడు అబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పరచి అమ్ముదురు. అచ్చట ఎదురైనవారినెల్ల ఏడాదికెన్ని పుస్తకములు కొందురని యడిగి, ఆ సగటును నగరమంతటికి అంటగట్టినచో, హైదరాబాదును మించిన చదువరుల నగరము లోకమున లేదని తేలును! ప్రతి ఆదివారము వచ్చువాడు మనకు ఎదురగును; ఏడాదికొకమారు వచ్చువాడు ఎదురుగాడు. చెరువుగట్టున నడిగినను ఇంతే. ఇంటింటికి వ్రాసి యడిగినచో జ్ఞాపకము తడబడును. అమెరికాలో సముద్రతీరపు వినోదవేటను 1979 నుండి లెక్కించుచున్నారు. టెలిఫోనుకు మారుగ ఉత్తరముల ద్వారా అడుగసాగిన పిమ్మట, 2018లో పాత లెక్కలను పెంచి సవరించిరి. 2023లో ప్రకటించిన ప్రయోగములో, ప్రశ్నల వరుస మార్చినంతమాత్రమున, వేటకు పోయిన పర్యాయముల లెక్క సాధారణముగ నూటికి 30 మొదలు 40 వంతులు తగ్గినది.

అట్లని లెక్క మానుట తగదు. వాన నిశ్చయము లేని యేట రైతు గాదెలోని గింజలన్నియు తినడు. విత్తనము వేరుగ నుంచును. అట్లే, రెండువేలో అయిదువేలో తెలియనపుడు రెండువేలనే పట్టి వేటకు హద్దు పెట్టుట వివేకము. రేపు లెక్క మెరుగై చేపలు హెచ్చుగ నున్నవని తేలిన, అవి చెరువులోనే యుండును, అప్పుడు పట్టవచ్చును. తిన్న చేపను మరల చెరువునకిచ్చుట మాత్రము ఎవరి తరము కాదు.

గాలము వేయు అలవాటుగల శ్రోతలకు మేము మనవి చేయునది రెండు మాటలు. ఒక చిన్న పుస్తకమున తేది, కూర్చున్న గంటలు, పడిన చేపలు, వాని పొడవు వ్రాయుడు. ఒక్కటియు పడని దినమును తప్పక వ్రాయుడు. ఆ దినములు లేని పుస్తకము చెరువును లేని సంపదతో చూపును. రెండవది, తెలంగాణకు రాష్ట్రమత్స్యమైన కొర్రమీనును గూర్చినది. వానకాలమున గుడ్లు పొదిగిన పిమ్మట తల్లిదండ్రులు పిల్లలను కాచుచుండును. నీటిపై ఎర్రని పిల్లలగుంపు కదలుచుండినచో పెద్దచేప దాపుననే యుండును. పిల్లలకు హాని యని తలచి ఎరపై దుముకును, సులభముగ చిక్కును. పుస్తకములో అది ఒక్క చేప. కాపు పోయిన పిల్లల లెక్క ఏ పుస్తకమునకును ఎక్కదు. ఆ గుంపు కనబడినచోట గాలము చుట్టుకొని వేరొక తావునకు పోవుట మేలు.