ఫుల్‌ఫ్రేమ్‌కి వణకని వైడ్ జూమ్: నేను ఎదురుచూస్తున్న లెన్స్ ఎందుకు రావట్లేదు?

ఏదైనా కొత్త ఫోన్ స్పెక్స్ షీట్ తీయండి. మెయిన్ కెమెరా పక్కన ఓఐఎస్ అని గర్వంగా రాసి ఉంటుంది. టెలిఫోటో ఉంటే దానికీ ఉంటుంది. అల్ట్రావైడ్ దగ్గరికొచ్చేసరికి చాలా ఫోన్లలో ఆ మూడక్షరాలు మాయం. వైడ్‌లో చెయ్యి కాస్త కదిలినా పెద్దగా తెలియదులే అన్నది కంపెనీల లెక్క. విచిత్రం ఏంటంటే, లక్షలు పోసి కొనే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లోనూ ఇప్పుడు దాదాపు ఇదే లెక్క నడుస్తోంది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. 16-35 మి.మీ. లాంటి వైడ్ జూమ్, లెన్స్‌లోనే స్టెబిలైజేషన్, రోజంతా మెడలో వేసుకుని తిరగగలిగే బరువు. అంతే.

ఒకప్పుడు దొరికేవి

నికాన్ 2010లోనే 16-35 మి.మీ. ఎఫ్/4 లెన్స్‌ని వీఆర్‌తో తెచ్చింది. బరువు 680 గ్రాములు. 2014లో కానన్ 16-35 ఎఫ్/4 ఎల్ ఐఎస్ వచ్చింది. 615 గ్రాములు, 4 స్టాప్‌ల స్టెబిలైజేషన్. అదే ఏడాది సోనీ కూడా మిర్రర్‌లెస్ కోసం 518 గ్రాముల 16-35 ఎఫ్/4 ఓఎస్‌ఎస్ ఇచ్చింది. ట్యామ్రాన్ అయితే ఇంకో అడుగు ముందుకేసి 15-30 ఎఫ్/2.8లోనే వీసీ పెట్టింది. కాకపోతే అది 1100 గ్రాముల బండరాయి. ముందు గ్లాస్ ఉబ్బెత్తుగా ఉండటంతో మామూలు ఫిల్టర్ కూడా ఎక్కదు.

ఆ తర్వాత కథ మారింది. 2014 చివర్లో సోనీ ఏ7 మార్క్ 2లో సెన్సర్‌నే కదిపే స్టెబిలైజేషన్, అంటే ఐబిస్ వచ్చింది. 2018లో నికాన్ జెడ్6, జెడ్7 కూడా అదే దారి పట్టాయి. బాడీలోనే ఉన్నప్పుడు లెన్స్‌లో మళ్లీ ఎందుకు అనుకున్నారు. 2019 నాటి నికాన్ జెడ్ 14-30 ఎఫ్/4లో వీఆర్ లేదు. 2022లో వచ్చిన సోనీ 16-35 ఎఫ్/4 పవర్ జూమ్‌లో ఓఎస్‌ఎస్ లేదు. ట్యామ్రాన్ 17-28, సిగ్మా 16-28 ఎఫ్/2.8 లెన్స్‌లలోనూ లేదు.

న్యాయంగా చెప్పాలంటే దీనివల్ల లాభం కూడా ఉంది. సోనీ పాత ఓఎస్‌ఎస్ లెన్స్ 518 గ్రాములైతే, కొత్త పవర్ జూమ్ 353 గ్రాములే. ఆ తేడా మొత్తం స్టెబిలైజేషన్ తీసేయడం వల్లే వచ్చింది అనను, డిజైనే వేరు. కానీ కదిలే గ్లాస్, దాన్ని కదిపే మోటార్లు, వాటికి కావాల్సిన చోటు... ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి కదా.

నాకెందుకు ఇంత పట్టుదల?

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాను. వారాంతాల్లో పాత గుడులు తిరిగి ఫొటోలు తీయడం నా పిచ్చి. రామప్ప, లేపాక్షి లాంటి పేరున్నవే కాదు, ఊరి చివర పేరు కూడా పెద్దగా తెలియని గుడులు నాకు ఇంకా ఇష్టం. అక్కడే అసలు సమస్య. ఊళ్లో వాళ్లు చందాలేసుకుని భక్తితోనే గుడి బాగు చేయిస్తారు. రాతి స్తంభాలకి ఎనామిల్ పెయింట్ పడుతుంది, నేల మీద టైల్స్ వస్తాయి. నేను తీసిన రెండు మండపాలు ఇప్పుడు అలా లేవు. ఆ చెక్కడాలు రంగు లేకుండా కనిపించేది ఇక నా హార్డ్ డిస్క్‌లోనే.

మండపం లోపల పగలు కూడా చీకటే. పురావస్తు శాఖ కింద ఉన్న చోట ట్రైపాడ్‌కి ముందే పర్మిషన్ తీసుకోవాలి. ఊరి గుడిలో అడిగేవాళ్లు లేకపోయినా, జనం తిరిగే చోట మూడు కాళ్లు చాపి నిలబెట్టడం మర్యాద కాదు. పూజారిగారు "త్వరగా కానివ్వు బాబూ" అంటే మనకి దొరికేది ఐదు నిమిషాలు. పాత పైకప్పు చిత్రాల మీద ఫ్లాష్ కొట్టకూడదు. ఇక మిగిలింది మన చేతులే.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ డి750, దానికి ఆ పాత 16-35 వీఆర్. డి750లో ఐబిస్ లేదు. అయినా 16 మి.మీ. దగ్గర, స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీస్తే అర సెకను షట్టర్‌కి కూడా నాలుగులో రెండు మూడు ఫొటోలు షార్ప్‌గా వస్తాయి. వీఆర్ ఆపేస్తే 1/15 దాటి కిందికి వెళ్లాలంటే భయమే.

ఎఫ్/2.8 కొనుక్కోవచ్చుగా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. చిన్న లెక్క చూడండి. ఎఫ్/4, అర సెకను, ఐఎస్‌ఓ 1600తో ఒక మండపం సరిగ్గా ఎక్స్‌పోజ్ అయ్యింది అనుకుందాం. స్టెబిలైజేషన్ లేకుండా 1/15కి వెళ్తే దాదాపు 3 స్టాప్‌ల వెలుగు పోతుంది. ఎఫ్/2.8 తిరిగిచ్చేది 1 స్టాప్. మిగతా రెండు స్టాప్‌లకి ఐఎస్‌ఓ 6400 పెట్టాల్సిందే. పైగా ఎఫ్/2.8లో ముందు స్తంభం, వెనక గోడ రెండూ షార్ప్‌గా రావడం ఇంకా కష్టం.

పెళ్లిలో డ్యాన్స్ తీసేవాళ్లకి మాత్రం ఎఫ్/2.8నే కరెక్ట్. కదిలే మనిషిని ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు. నా స్తంభాలు కదలవు కాబట్టి నా గోల వేరు.

బాడీలో ఐబిస్ ఉంటే చాలదా?

చాలా వరకు చాలుతుంది, ఒప్పుకుంటాను. కెమెరా చక్రంలా తిరిగే కదలిక ఉంటుందే, రోల్, దాన్ని లెన్స్‌లోని స్టెబిలైజేషన్ సరిచేయలేదు. అది ఐబిస్ వల్లే అవుతుంది.

కానీ వైడ్‌లో ఇంకో చిక్కుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మీద 16 మి.మీ. లెన్స్ పెట్టి కెమెరా 0.1 డిగ్రీ పక్కకి తిరిగితే, ఫ్రేమ్ మధ్యలో బొమ్మ దాదాపు 5 పిక్సెల్స్ జరుగుతుంది. అదే మూల వైపు తిరిగితే ఆ మూల దగ్గర సుమారు 13 పిక్సెల్స్ జరుగుతుంది. వైడ్ లెన్స్ అంచులని సాగదీస్తుంది కాబట్టి ఇలా అవుతుంది. సెన్సర్ మాత్రం మొత్తం ఒకేలా జరుగుతుంది. మధ్యలో సరిచేస్తే మూలలు మిగిలిపోతాయి. నడుస్తూ వీడియో తీస్తే మూలలు జెల్లీలా ఊగేది ఇందుకే. డిజిటల్ స్టెబిలైజేషన్ వేస్తే ఫ్రేమ్ క్రాప్ అవుతుంది. 10 శాతం క్రాప్ అంటే 16 కాస్తా దాదాపు 18 అయిపోతుంది. వైడ్ కోసమే కొన్న లెన్స్‌లో వైడ్‌నే వదులుకోవాలి!

ఇది తీరని సమస్యేం కాదు. కానన్ 2023లో తెచ్చిన ఆర్‌ఎఫ్ 10-20 ఎఫ్/4 లెన్స్‌లో ఐఎస్ ఉంది. సపోర్ట్ ఉన్న బాడీతో లెన్స్ మాట్లాడుకుని అంచుల దగ్గర బ్లర్‌ని తగ్గించేలా చేశారు. బరువు 570 గ్రాములు. అంటే దారి ఉంది, మిగతావాళ్లు నడవట్లేదు అంతే.

ఇక ఐబిస్ లేని ఫుల్‌ఫ్రేమ్ బాడీలు కూడా తక్కువేం కాదు. కానన్ ఆర్‌పీ, ఆర్8, సిగ్మా ఎఫ్‌పీ, సోనీ ఎఫ్‌ఎక్స్6, మొదటి తరం ఏ7, ఇంకా మన సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో తిరిగే డీఎస్‌ఎల్‌ఆర్‌లు. స్టూడెంట్స్, కొత్తగా జాబ్‌లో చేరినవాళ్లు ఎక్కువగా కొనేది ఆ పాతవే.

నా విష్ లిస్ట్

- 15-30 లేదా 16-35 మి.మీ., అంతటా ఎఫ్/4
- లెన్స్‌లో స్టెబిలైజేషన్, ఐబిస్ ఉన్న బాడీతో కలిసి పనిచేయాలి
- 500 గ్రాముల లోపు బరువు
- మామూలు స్క్రూ ఫిల్టర్ పట్టాలి
- నికాన్ జెడ్, సోనీ ఈ, ఎల్ మౌంట్ మూడింటికీ రావాలి

ఇప్పటికిప్పుడు కొనాలంటే?

కానన్ వాళ్లు అదృష్టవంతులు. ఆర్‌ఎఫ్ 14-35 ఎఫ్/4 ఐఎస్ 540 గ్రాములు. బడ్జెట్ తక్కువైతే 390 గ్రాముల 15-30 ఎఫ్/4.5-6.3 ఐఎస్ ఉంది. రెండిట్లోనూ 5.5 స్టాప్‌ల స్టెబిలైజేషన్. ఆర్8 లాంటి బాడీ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు.

సోనీలో ఐబిస్ లేని బాడీ ఉంటే పాత 16-35 ఓఎస్‌ఎస్‌ని సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. కొనేముందు 16, 35 రెండు చివర్లలోనూ టెస్ట్ ఫొటోలు తీసి మూలలు జూమ్ చేసి చూడండి. స్టెబిలైజేషన్ ఆన్‌లో పెట్టి వింత శబ్దం వస్తోందేమో చెవి పెట్టి వినండి.

నికాన్ జెడ్‌కి మారేవాళ్లకి నా పాత లెన్స్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పనిచేస్తుంది, వీఆర్‌తో సహా. కానీ అడాప్టర్‌తో కలిపితే 800 గ్రాములు దాటుతుంది. జెడ్ 14-30 అయితే 485 గ్రాములే, వీఆర్ ఉండదు. ఐబిస్ మీద భరోసా పెట్టుకోవాలి.

నేనైతే ఇంకా మారలేదు. నా లిస్ట్‌లో ఇంకా పెయింట్ పడని గుడులు పదకొండు ఉన్నాయి. కొత్త లెన్స్ ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చుంటే అవి ఆగవు. వచ్చే శనివారం బరువైన పాత లెన్స్‌తోనే బయల్దేరుతున్నా.