హార్ ఫైల్ పంపే ముందు ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి

ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసు చిన్నదే. ఒక ఓటీటీ యాప్‌కి ఏపీఐ టెస్టింగ్ చేస్తుంటాం. శుక్రవారం కొత్త సినిమా స్ట్రీమింగ్‌కి వస్తోందంటే గురువారం రాత్రి మాకు నిద్ర ఉండదు. అలాంటి ఒక రాత్రి అడ్మిన్ ప్యానెల్‌లో ఒక ఏపీఐ 500 ఎర్రర్ కొడుతోంది. క్రోమ్‌లో హార్ ఫైల్ తీసి, టీమ్ గ్రూపులో పడేశా. ఐదు నిమిషాల్లో మా సీనియర్ నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. నా పేరుతో, నా అడ్మిన్ ప్యానెల్లో ఉన్నాడాయన. పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ రాలేదు. ఇంకా రిలీజ్ కాని సినిమా పబ్లిష్ బటన్ ఆయన ముందుంది!

హార్ అంటే హెచ్‌టీటీపీ ఆర్కైవ్. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచిన సంభాషణ మొత్తం జేసన్ రూపంలో రాసిపెట్టిన టెక్స్ట్ ఫైల్. హెడర్లు, కుకీలు, మీరు టైప్ చేసిన ఫోన్ నంబర్, సర్వర్ ఇచ్చిన జవాబు, ఏది ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, అన్నీ ఉంటాయి. అందులో సెషన్ కుకీ కూడా ఉంటుంది, ప్రమాదం అదే. స్టూడియో గేటు దగ్గర ఐడీ చూపిస్తే మెళ్లో వేసే పాస్ లాంటిదది. లోపలికెళ్లాక ఎవరూ పేరు అడగరు, పాస్ చూస్తారంతే. అది ఎవరి మెళ్లో ఉంటే వాళ్లే మీరు.

నాలాంటి జూనియర్లే ఇలా చేస్తారనుకోకండి. 2023లో లాగిన్ సర్వీసులు అమ్మే ఆక్టా కంపెనీ సపోర్ట్ సిస్టమ్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. సమస్యలు చెప్పుకుంటూ కస్టమర్లు పంపిన హార్ ఫైళ్లు అక్కడే ఉన్నాయి. మొత్తం 134 కస్టమర్ల ఫైళ్లు వాళ్ల చేతికి చిక్కితే, 5 కంపెనీల సెషన్లు హైజాక్ అయ్యాయి. బియాండ్‌ట్రస్ట్ అడ్మిన్ ఫైల్ అప్‌లోడ్ చేసిన అరగంట లోపే ఆ కుకీని ఎవరో వాడేశారు. వాళ్లు వెంటనే పసిగట్టారు కాబట్టి సరిపోయింది.

సరే, మరి ఎలా రికార్డ్ చేయాలి? ముందు ఇన్‌కాగ్నిటో విండో, అందులో టెస్ట్ అకౌంట్. మీ సొంత లాగిన్ వద్దే వద్దు. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి, ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టండి, లేకపోతే పేజీ మారగానే పాత రిక్వెస్టులు ఎగిరిపోతాయి. లాగిన్ అయిపోయాక లిస్టు క్లియర్ చేసి, బగ్ వచ్చే ఒక్క పనీ చేసి ఆపేయండి. మీ యాప్ మీద, లేదా అనుమతి ఉన్న యాప్ మీద మాత్రమే సుమా.

క్రోమ్ 130 నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే కుకీ, సెట్-కుకీ, ఆథరైజేషన్ హెడర్లు డిఫాల్ట్‌గా తీసేస్తోంది. మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. టోకెన్ హెడర్‌లోనే ఉండాలని రూలేం లేదు. లాగిన్ ఏపీఐ జవాబులో యాక్సెస్ టోకెన్ ఉంటుంది, రిఫ్రెష్ టోకెన్ ఉంటుంది. ఓటీటీల్లో అయితే వీడియో లింకు యూఆర్‌ఎల్‌లోనే సంతకం ఉంటుంది, గడువు తీరేదాకా ఆ లింకు ఎవరి దగ్గరున్నా ప్లే అవ్వొచ్చు. అందుకే ఫైల్ తెరిచి టోకెన్, పాస్‌వర్డ్, ఆథ్, సిగ్నేచర్, మీ ఫోన్ నంబర్ వెతకండి. ఆక్టా గొడవ తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ ఒక హార్ శానిటైజర్ ఇచ్చింది, అది మీ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ఊరూపేరూ లేని 'ఆన్‌లైన్ హార్ వ్యూయర్' సైట్లలోకి మాత్రం ఫైల్ ఎక్కించకండి. అన్నట్టు, 'కాపీ యాజ్ కర్ల్' కొట్టి చాట్‌లో పేస్ట్ చేసే అలవాటుంటే, అందులోనూ కుకీ వెళ్లిపోవచ్చు.

శుభ్రం చేసిన ఫైల్‌ని ప్లేరైట్‌లో రౌట్‌ఫ్రమ్‌హార్‌కి ఇస్తే సర్వర్ లేకుండానే టెస్టులు నడుస్తాయి. గిట్‌లో పెట్టేముందు ఇంకోసారి వెతకండి, ఒకసారి కమిట్ అయితే డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది.

పొరపాటున పంపేశారా? మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు. ముందు లాగౌట్ అవ్వండి, 'అన్ని డివైజ్‌ల నుంచి' అని ఉంటే అదే నొక్కండి. జేడబ్ల్యూటీ వాడే యాప్‌లలో లాగౌట్ అయినా పాత టోకెన్ గడువు తీరేదాకా బతికే ఉండొచ్చు, కాబట్టి బ్యాకెండ్ వాళ్లని లేపి దాన్ని రద్దు చేయించాలి. ఆ గురువారం రాత్రి నేను లేపాను. తిట్లు తిన్నాను గానీ, సినిమా శుక్రవారమే వచ్చింది.