ఫోమ్ బోర్డ్ ఎందుకు విరుగుతుంది? ఆర్‌సీ విమానం రెక్క లెక్క

ఆర్‌సీ విమానాలు చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, టర్న్ తిప్పగానే రెక్క మధ్యకి విరిగిపోయింది. బోర్డ్ మంచిది కాదా?" చాలాసార్లు తప్పు బోర్డ్‌ది కాదు. ఎందుకో చూద్దాం.

ఫోమ్ బోర్డ్ ఒక శాండ్‌విచ్ లాంటిది. మధ్యలో పాలీస్టైరిన్ ఫోమ్, అంటే మన థర్మోకోల్‌కి చుట్టం. పైనా కిందా పేపర్. రెక్క పైకి వంగితే కింది పేపర్ సాగుతుంది, పై పేపర్ నొక్కుకుపోతుంది. ఈ రెండు పేపర్లని దూరంగా పట్టి ఉంచడమే ఫోమ్ పని. అసలు బలం పేపర్‌ది. నమ్మకం లేదా? ఒక ముక్కకి పేపర్ ఊడబీకి వంచండి, టక్కున విరుగుతుంది.

అందుకే పేపర్‌కి ఏం జరిగినా బోర్డ్‌కి దెబ్బే. కట్టర్ గాటు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. తడి తగిలితే పేపర్ మెత్తబడుతుంది, ఊడిపోతుంది. ఒకసారి మడత పడిన చోట మళ్లీ మడత పడుతుంది.

ఇక మందం. రెండు షీట్లు ఊరికే ఒకదానిమీద ఒకటి పెడితే గట్టిదనం రెండింతలే. అవే షీట్లని అంతటా జిగురుతో అంటిస్తే సుమారు నాలుగింతలు!

జిగురు దగ్గర జాగ్రత్త. పెట్రోల్, అసిటోన్ తగిలితే ఈ ఫోమ్ కరిగిపోతుంది. కొన్ని స్ప్రే పెయింట్లు, సూపర్ గ్లూలు కూడా తినేస్తాయి. ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి.

మరి టర్న్‌లోనే ఎందుకు విరిగింది? 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్క మీద భారం రెండింతలు. 800 గ్రాముల విమానానికి రెక్క 1,600 గ్రాములు మోయాలి. ఎక్కువ ఒత్తిడి పడేది రెక్క మధ్యలో. అందుకే అక్కడ రెక్క పొడవునా ఒక కర్ర బద్దో, కార్బన్ రాడ్డో పెట్టాలి.

ఎగరేసే ముందు ఒక టెస్ట్ చేయండి. బ్యాటరీతో సహా విమానాన్ని రెండు రెక్కల చివర్లు పట్టుకుని లేపండి. గాల్లో బరువుని రెక్క అంతా పంచుకుంటుంది, ఇక్కడ చివర్లే మోస్తాయి. కాబట్టి మధ్యలో ఒత్తిడి మామూలు ఎగురుడు కంటే సుమారు రెండింతలు. పై పేపర్ మీద ముడత కనిపించిందా? ఆ రోజుకి ఎగరేయకండి. గ్రౌండ్‌లో కింద పిల్లలుంటారు, విరిగిన రెక్కతో విమానం ఎవరి మీద పడుతుందో మన చేతిలో ఉండదు.

మీ రెక్క టెస్ట్ పాసయిందా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!